గంటకు ఆగిన పరుగు

ఏటా ఈస్టర్ మరుసటి సోమవారం మా వరంగల్ గుడి యువకులకూ, నెక్కొండ దాటాక ఉన్న మా ఊరి గుడి యువకులకూ క్రికెట్ పోటీ జరుగుతుంది. రెండు చోట్లా "మా" అని రాయవలసి రావడమే ఆ రోజు నాకున్న చిక్కు. పట్నం జట్టుకు కెప్టెన్ నా భర్త. ఊరి జట్టును తయారుచేసింది మా అక్క.

ఈ పోటీకి ఒక కట్టుబాటు ఉంది. గెలిచినవాళ్ల దగ్గరే మరుసటి ఏడు ఆట. రెండు జట్ల వాళ్లకూ, వెంట వచ్చినవాళ్లకూ భోజనం పెట్టవలసింది కూడా గెలిచినవాళ్లే. గెలుపు తలకెక్కకుండా ఉండాలంటే చేతికి గరిటె ఇవ్వాలని వెనకటి ఫాదర్ ఒకాయన ఈ ఏర్పాటు చేశారట. ఆలోచన మంచిదే కానీ, గరిటె పట్టేది గెలిచినవాళ్లు కాదు, వాళ్ల భార్యలు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి పట్నం జట్టు ఓడింది లేదు. కాబట్టి ఆట ఎప్పుడూ మా గుడి వెనక మైదానంలోనే. బగారన్నం గిన్నె ఎప్పుడూ నా ముందే.

అక్కకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. నాన్న మా ఊరి ఉపదేశి. అంటే ఫాదర్ రాని రోజుల్లో గుడిలో జపాలు చెప్పించి, పిల్లలకు మతపాఠాలు నేర్పే మనిషి. బడి వాగుకు అవతల ఉండేది. అక్కను రోజూ ఎత్తుకొని వాగు దాటించలేక ఆయనే ఇంట్లో చదువు చెప్పాడు. నన్ను బడికి పంపాలనే చూశాడు కానీ, అక్క ఒక్కతే ఇంట్లో ఉంటుందని నేను పోనన్నాను. అలా నాన్న అక్కకు చెప్పాడు, అక్క నాకు చెప్పింది. అక్షరాలు జపాల పుస్తకంలోంచి వచ్చాయి, లెక్కలు రేడియోలో క్రికెట్ కామెంటరీలోంచి వచ్చాయి. ఇంకా ఎన్ని కావాలి, ఇంకా ఎన్ని బంతులున్నాయి అని అక్క అడుగుతుంటే తీసివేతలు నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మంచం పక్కన కూర్చున్న రోజుల పుణ్యమే. దేవునికి స్తోత్రం.

నాన్న పోయాక గుడి గంట అక్క చేతికి వచ్చింది. గుడి మా ఇంటి గోడ పక్కనే. గంట తాడును పొడిగించి మా కిటికీలోంచి లోపలికి తెచ్చారు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి ఆమె ఆ తాడు లాగుతుంది. అది త్రికాల జపం గంట. మోగినప్పుడు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి, తల వంచి, జపం చెప్పుకోవాలి. పట్నంలో మాకు ఆ అలవాటు ఎప్పుడో తప్పిపోయింది. మా గుడి గంట కరెంటు మీద దానంతటదే మోగుతుంది. మేము గడియారం సరిచూసుకుంటాం. ఊళ్లో అక్క దగ్గర పాఠాలు చదివిన పిల్లలు మాత్రం పెద్దవాళ్లయి పత్తి చేలల్లో ఉన్నా, మిర్చి కల్లంలో ఉన్నా, గంట వినబడితే ఆగిపోతారు.

"గంట మోగితే కాలు ఆగాలెరా. నాకు నడుసుడు రాకపాయె, మీకు ఆగుడు రాకపాయె అంటే ఎట్ల మరి?" అని నేర్పిందామె.

ఆ పిల్లలే క్రికెట్ జట్టు అయ్యారు. కిటికీ ముందున్న బీడులో వాళ్లు ఆడుతుంటే ఈమె మంచం మీద కూర్చొని ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిడుతూ ఆట నేర్పింది. కానీ పట్నంతో పోటీని మాత్రం ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఇంట్లో, గుడిలో చక్రాల పీట మీద తన చేతులతో తానే తిరుగుతుంది. అంతకు మించి పోవాలంటే ఎవరైనా ఎత్తుకోవాలి. ఎత్తనివ్వదు. కారు మాట్లాడతాను రమ్మని నేను ఏటా అడిగేదాన్ని.

"మోయించుకొని పోయి చూసుడు నాకొద్దే. ఆటనే నా కిటికీ ముందటికి రావాలె. గెలిచి తీస్కరమ్మను."

ఏటా అదే జవాబు. పోయిన ఈస్టర్ ముందు మాత్రం దానికి ఇంకో మాట కలిపింది. "ఇగ ఈ యేడే. వచ్చే యేటికి సగం మంది పోరగాండ్లు హైదరాబాద్ పనులకు పోతరు. నాకు మళ్ల ఇసొంటి టీం దొరకది." ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ మాట మెల్లగా అన్నది.

ఆ సోమవారం పొద్దున పూజ అయ్యాక ఊరి జట్టు రైలు దిగి నడుచుకుంటూ వచ్చింది. వాళ్ల దగ్గర ఒకే జత ప్యాడ్లు. ఇద్దరు బ్యాట్స్‌మెన్ తలా ఒక కాలికి కట్టుకుంటారు. మా వాళ్లందరికీ తెల్ల బట్టలు, తలా ఒక సంచి. మా జట్టులో ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ముగ్గురున్నారు; అందులో ఒకడు హెల్మెట్ కూడా తెచ్చుకున్నాడు.

"అన్నా, బండి దిగి చాలాసేపాయె గదా, ఇంక హెల్మెట్ తీస్తలేవు?" అని మా తమ్ముడు అడిగేసరికి మైదానమంతా నవ్వింది. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. ట్రాక్టర్ నడుపుతాడు. అక్క చేతిలో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు, అందుకే అందరికంటే బాగా ఆడతాడు.

నేను పొయ్యి దగ్గర ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి, వీడియో కాల్‌లో అక్కను కూర్చోబెట్టాను.

"ఓ పిల్లా, ఫోన్ జర పైకి లేపు. నాకు నీ ఉల్లిగడ్డలే కనబడతానయి."

లేపాను.

"ఇప్పుడు ఫాదర్ చెప్పులు కనబడతానయి."

మా గుడి విచారణ గురువైన ఫాదరే ఒక అంపైర్. ఊరికి కొత్తగా వచ్చిన ఉపదేశి రెండో అంపైర్. ముందు పట్నం వాళ్లు బ్యాటింగ్ చేశారు. ప్రతిసారీ ఇరవై ఓవర్లలో రెండు వందలకు దగ్గరగా కొట్టేవాళ్లు, ఆ రోజు ఎనభై నాలుగుకే అందరూ అవుటయ్యారు. ఊరి కెప్టెన్ గోడలు కట్టే మేస్త్రీ. ఆయనా, మరో ఇద్దరూ బంతిని ఎంత నెమ్మదిగా వేశారంటే, అది వచ్చేలోపు నేను ఒక ఉల్లిపాయ తరిగేదాన్ని. మా వాళ్లు ముందుకు దూకి బ్యాటు ఊపడం, బంతి ఇంకా రాకపోవడం, తీరా వచ్చాక వికెట్లు పడటం. హెల్మెట్ కుర్రాడు అందరికంటే ముందు వెనక్కి వచ్చాడు.

"నేనే జెప్పిన," అన్నది అక్క ఫోన్‌లో, నవ్వు ఆపుకోలేక. "పట్నపోళ్లు సిగ్నల్ దగ్గరనే ఊకోరు, హారన్ కొడతనే ఉంటరు. నెమ్మదిగ ఎయ్యిండ్రి, వాళ్లే తొందరపడతరన్న."

మా ఆయన మంచినీళ్లకు వచ్చి, ఫోన్ వైపు చూడకుండా నన్ను అడిగాడు. "మీ అక్క ఏం మందు పెట్టిందే వీళ్లకు?"

"వినబడతాంది మరిదీ!" అన్నది ఫోన్. ఆయన నీళ్లు తాగకుండానే పోయాడు.

ప్రతి ఏటా ఈ ఆట రోజున నేను చేసే ప్రార్థన ఒకటే. ఎవరికీ దెబ్బ తగలకూడదని. దేవుడు దాన్ని ఇంచుమించు ప్రతిసారీ విన్నాడు. ఆ రోజు గిన్నెలో మసాలా వేగుతుండగా ఇంకో మాట నోటిదాకా వచ్చింది. భర్త ఓడిపోవాలని దేవుణ్ని అడగడం నాకు చేతకాలేదు. అక్క ఓడిపోవాలని అడగడం అంతకన్నా చేతకాలేదు. చివరికి "నీకు తెలుసు గదా ప్రభువా" అని ఊరుకున్నాను.

ఊరి వాళ్లు ఎనభై అయిదు కొట్టాలి. ప్రతి ఏడూ పదిన్నరకల్లా వాళ్లందరూ అవుటై, చెట్ల కింద పడుకొని భోజనం కోసం ఎదురుచూసేవాళ్లు. ఈసారి అలా కాలేదు. ఒకరు పోతే ఒకరు నిలబడ్డారు. ఒక్కో పరుగూ తీశారు. మా వాళ్లు బౌలర్లను మార్చారు, ఫీల్డర్లను తిట్టుకున్నారు, బంతి అరిగిందని ఒకసారీ, ఎండ కళ్లల్లో పడుతోందని ఒకసారీ ఆట ఆపారు. పదకొండు దాటింది. అన్నం ఉడికింది, కోడికూర దింపాను. ఇక పొయ్యి దగ్గర నాకు పనేమీ లేదు. ఫోన్ చేతిలో పట్టుకొని బౌండరీ గీత పక్కకు వచ్చి నిలబడ్డాను.

ఆఖరి ఓవర్. అయిదు పరుగులు కావాలి, రెండు వికెట్లున్నాయి. బంతి మా ఆయన చేతిలో ఉంది. ఆడుతున్నది మేస్త్రీ, బౌలర్ వైపు నిలబడ్డది తమ్ముడు. ఫోన్‌లో బొమ్మ బిగుసుకుపోయింది, అక్క గొంతు మాత్రం వస్తోంది. "ఏమాయె? చెప్పవే, ఏమాయె?"

మా ఆయన బంతి వేశాడు. మేస్త్రీ దాన్ని దూరంగా కొట్టాడు. ఇద్దరూ పరిగెత్తారు. ఒక పరుగు అయింది. రెండోదానికి తిరిగారు. తమ్ముడు బౌలర్ వైపు ఉరికి వస్తున్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే గీత దాటేవాడు.

పన్నెండయింది. గుడి గంట మోగింది.

తమ్ముడు ఆగిపోయాడు. ఎదురుగా మేస్త్రీ కూడా ఆగిపోయాడు. బ్యాట్లు చంకలో పెట్టుకొని, చేతులు జోడించి, ఇద్దరూ తలలు వంచారు. బౌండరీ బయట కూర్చున్న ఊరి వాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఫాదర్ సిలువ గుర్తు వేసుకొని కళ్లు మూసుకున్నారు. ఉపదేశి అంతకన్నా ముందే మూసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆట పన్నెండు దాకా సాగిందే లేదు గనుక, ఇలా అవుతుందని ఎవరూ అనుకోలేదు.

దూరం నుంచి మా కుర్రాడు విసిరిన బంతి నేరుగా మా ఆయన చేతిలోకి వచ్చింది. "కొట్టన్నా! కొట్టు!" అని నాలుగు వైపుల నుంచి అరుపులు. ఆయన బంతి పట్టాడు, వికెట్లకు తగిలించాడు. ఆ రెండిటికీ మధ్య ఆలోచించే వ్యవధి లేదు. చెయ్యి చేసిందా పని. వికెట్లు పడ్డ చప్పుడు విన్నాకే ఆయనకు ఎదుటి మనిషి కనిపించాడు. కళ్లు మూసుకొని, పెదవులు కదుపుతూ ఉన్న బావమరిది. ఆయన చేతిలోంచి బంతి జారిపోయింది. ఆయన కూడా తల వంచాడు.

గంట ఆగింది. జపం ముగించి తమ్ముడు కళ్లు తెరిచాడు. పడిపోయిన వికెట్లను చూసి, "ఏందిది? గాలికి పడ్డయా?" అన్నాడు.

అప్పుడు మొదలైంది లొల్లి. అవుటని కొందరు, కాదని కొందరు. "జపం చేస్తాంటె కొడతరా? మీకు గుడి లేదా?" అని ఊరి వాళ్లు. "ఆట ఆపమని ఎవలన్న చెప్పిన్రా?" అని మా వాళ్లు. ఫాదర్ మధ్యలో నిలబడి, "నేను చూడలేదు నాయనా, నేనూ కళ్లు మూసుకున్నా," అన్నారు పాపం. గంట మోగాక ఆట ఆగినట్టే లెక్క, అవుట్ ఇవ్వనని చెప్పబోతున్నారు. మా ఆయన కూడా, "వద్దు ఫాదర్, అవుట్ వద్దు," అంటున్నాడు.

మేస్త్రీ నా దగ్గరికి వచ్చి ఫోన్ అందుకున్నాడు. "అక్కా, నువ్వు జెప్పు."

అక్కడ తన గంట తాను కొట్టి, జపం ముగించుకున్న అక్కకు జరిగింది నేను వివరించాను.

"మనోడు ఆగిండా?" అని అడిగింది.

"ఆగిండు అక్కా," అన్నాను.

"నిండ ఆగిండా, గీత దిక్కు ఒక కన్ను పెట్టి ఆగిండా?"

"నిండ ఆగిండు."

"ఇంకేం మరి. అవుటే." అన్నదామె. "ఆగుడు మన ఇష్టం. వాళ్లను ఆపుడు మన ఇష్టం గాదు. దేవునికి ఇచ్చిన నిమిషం మళ్ల పరుగుల లెక్కల అడుగుతమా? అవుటని చెప్పుండ్రి. ఇంకొక మాట. మరిదిని జాలిపడి మెల్లగ ఎయ్యొద్దన్ననని చెప్పు."

ఆ మాటతో ఆమె ఏం వదులుకుందో ఆ మైదానంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఫోన్‌లో ఇంకా కదలని బొమ్మే ఉంది. అందులో అక్క కళ్లు పెద్దవి చేసుకొని, నోరు తెరిచి, ఆట చూస్తున్నట్టే ఉంది.

తమ్ముడు ఎవరితోనూ వాదించలేదు. మోకాళ్ల మీద కూర్చొని తన కాలి ప్యాడ్ విప్పి, వచ్చిన ఆఖరివాడి కాలికి కట్టి పక్కకు వచ్చేశాడు. ఇంకా నాలుగు పరుగులు కావాలి. మా ఆయన బంతిని తుడిచి, ఫోన్ వైపు ఒకసారి చూసి, మెల్లగా వేయలేదు. మేస్త్రీ బ్యాటు ఊపాడు. వికెట్ ఎగిరిపోయింది. ఆఖరివాడు ఒక్క బంతి కూడా ఆడకుండా వెనక్కి నడిచాడు.

పట్నం మూడు పరుగులతో గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "అన్నం చల్లారుతాంది, రాండ్రి," అని నేనే పిలవవలసి వచ్చింది. ఆ రోజు మా కుర్రాళ్లు ఒక్కరు కూడా కూర్చోలేదు. ఊరి వాళ్లను వరసగా కూర్చోబెట్టి, తెల్ల బట్టల మీద కూర ఒలుకుతున్నా పట్టించుకోకుండా వడ్డించారు. హెల్మెట్ కుర్రాడు తమ్ముడి విస్తరిలో అడగకుండానే కోడికాలు వేశాడు. తమ్ముడు నవ్వి తిన్నాడు.

సాయంత్రం ప్యాసింజర్‌కు వాళ్లను ఎక్కించడానికి మేమిద్దరం స్టేషన్‌కు పోయాం. అక్క కోసం నేను అన్నం డబ్బా కట్టాను. రైలు కదులుతుండగా మా ఆయన నా చెయ్యి పట్టుకొని, "ఎక్కు," అన్నాడు. ఎక్కాం. దారంతా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. ఊరి వాళ్లు ఊరుకోలేదు. "బావా, చెయ్యి నీదే గదా, నీ మాట ఇనదా?" అని ఒకడు. "ఏం గాదు బావా, అక్క నిన్ను మా లెక్క నిలబెట్టి జపం చెప్పిస్తది, అంతే," అని ఇంకొకడు. తమ్ముడు ఆయన పక్కన కూర్చొని పల్లీలు ఒలిచి పెట్టాడు.

మేము చేరేసరికి ఆరింటి గంట అయిపోయింది, ఇంకా వెలుగుంది. అక్క మంచం మీద, తాడు పక్కన కూర్చొని ఉంది. మా ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు.

"గెలిచినోని మొఖం గిట్లుంటదా మరిదీ? లోపలికి రా."

"వదినా, నేను చూడలే. చెయ్యి..."

"ఎరుకే. నీ చేతికి ఇన్నేండ్ల నుంచి అదే నేర్పినవు, నా పోరనికి నేను ఇది నేర్పిన. ఎవలు నేర్చుకున్నది వాళ్లు చేసిన్రు. ఇండ్ల తప్పేమున్నది?"

ఆయన అలాగే నిలబడి, దారంతా కూడగట్టుకున్న మాట చెప్పాడు. "వచ్చే యేడు మేమే ఇక్కడికి వస్తం వదినా. అందరం అనుకున్నం. నీ కిటికీ ముందటనే ఆట."

"గెలువకుంట ఇక్కడ ఆట పెడితే కిటికీ మూసుకుంట," అన్నది అక్క. అన్నదంటే అంతే. ఇక ఆ మాట లేదని మా అందరికీ అర్థమైంది. నేను డబ్బా విప్పి అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిన్నది. గుమ్మం బయట నిలబడ్డ తమ్ముణ్ని చూసి తినడం ఆపింది.

"నా మాట మీద అవుటయినవురా ఇయ్యాల."

"నువ్వు జెప్తె అయినట్టే గదక్కా."

"అదే అంటాన. తీర్పు జెప్పేటోళ్లు ఎదురుంగ కూసోని చెప్పాలె. నేను ఇంట్ల మంచం మీద కూసోని, ఫోన్ల నీ ఆట తీసేసిన. నీ మొఖం గూడ కనబడలే నాకు." ఆమె చెయ్యి తుడుచుకుంది. తాడు వైపు, కిటికీ వైపు, మళ్లీ మా వైపు చూసింది. "వచ్చే యేడు నేనే వరంగల్ వస్త. ఎట్ల ఎత్తుకపోతరో ఏమో, మీరే చూస్కోండ్రి."

చిన్నప్పుడు నాన్నను తప్ప ఆమె ఎవరినీ తనను ఎత్తనివ్వలేదు. నేను మనసులోనే దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అడగడం చేతకానిదాన్ని, ఆయన తనకు తెలిసిన దారిలో ఇచ్చాడు.

"వచ్చే యేడు దాకా ఎందుకు, ఇప్పుడే చూద్దాం పట్టు బావా," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకొని నాలుగు చేతులతో పీటలా చేశారు. నేను అక్క కాళ్లు సర్దాను. ఆమె ఒక చెయ్యి మా ఆయన మెడ మీద, ఒక చెయ్యి తమ్ముడి మెడ మీద వేసి, కళ్లు గట్టిగా మూసుకుంది. లేపారు.

"మెల్లగరా! నేను మిర్చి బస్తా గాదు."

"బస్తా అయితే మాట్లాడది గదక్కా."

"పడేస్తే ఇద్దరిని గంటకు కడత."

గడప దగ్గర ఇద్దరూ పక్కకు తిరిగి జాగ్రత్తగా దాటారు. వాకిట్లో జట్టంతా నిలబడి ఉంది. ఎవరూ అరవలేదు, దారి ఇచ్చారు. అక్క అప్పుడు కళ్లు తెరిచింది. రోజూ కిటికీలోంచి చూసే బీడును ఇంత ఎదురుగా చూడటం ఆమెకు ఎన్నేళ్లయిందో. మా ఆయన నుదుట చెమట పట్టింది. "దించమంటవా వదినా?" అని అడిగాడు.

"ఇంక జర ముందుకు," అన్నది అక్క.